దిగమ్రింగిన దుఃఖము - బిగిసిన దేహము

(బిలాస్‌పూర్ తెలుగు కుటుంబముల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)

 

దుఃఖమును ఆపుకొనుటకు తెలుగు భాషలో ఉన్నన్ని పలుకుబడులు దానిని వెలిబుచ్చుటకు ఉన్నవో లేవో సందేహమే. "గుడ్లనీరు గుడ్ల గ్రుక్కుకొనెను" అందుము. "పంటి బిగువున ఓర్చుకొనెను" అందుము. "గొంతు పూడుకొనిపోయినది", "గుండె రాయి చేసికొనెను", "కడుపులోనే దాచుకొనెను" అందుము. నిత్యము ఈ మాటలు వాడువారు ఇవి అలంకారములని తలంతురు. కాని కొంచెము నిలిచి పరికించినచో ప్రతి మాటయు శరీరములో ఒక్కొక్క తావును వ్రేలు పెట్టి చూపుచున్నది: కన్ను, దవడ, కంఠము, ఱొమ్ము, ఉదరము. పేరు తెలియని ఏ పల్లెటూరి అవ్వయో ఏనాడో కనిపెట్టి చెప్పిన సంగతినే గడచిన నూరేండ్లుగా వైద్యులును మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును పరికరములు పెట్టి కొలుచుచున్నారు. చిన్ననాడు అణచుకొన్న దుఃఖము, భయము, కోపము పెద్దతనమున కండరముల బిగువుగా ఎట్లు నిలిచిపోవును, అందుకు ఇంటిలో చేయదగినదేమి అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఏడుపు భావము మాత్రమే కాదు. అది దేహము చేయు ఒక పని. పసిబిడ్డ ఏడ్చునప్పుడు చూడుడు. నోరు తెరచుకొనును, గడ్డము వణకును, పొట్ట ఎగసి పడును, కాలు సేతులు ఆడును. ఏడ్చి ఏడ్చి, తుదకు ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, తల్లి భుజముపై వాలి నిద్రపోవును. ఆ నిట్టూర్పుతో ఆ పని ముగిసినది. నిద్ర లేచిన బిడ్డ ముఖమున ఆ దుఃఖపు జాడ వెదకినను కానరాదు.

ఇప్పుడు అయిదారేండ్ల బాలుని ఊహించుకొనుడు. వానికి ఏడుపు వచ్చుచున్నది. కాని ఏడ్వరాదని పెద్దల ఆజ్ఞ. వాడేమి చేయును? పెద్దవారివలె తనకు తాను నచ్చచెప్పుకొను శక్తి వానికి ఇంకను రాలేదు. ఆపినచో శరీరముతోనే ఆపవలెను. క్రింది పెదవిని పండ్లతో నొక్కి పట్టును. దవడ బిగించును. గొంతు మూసికొనును. ఊపిరి బిగబట్టును; ఏలయనగా ఊపిరి వదలినచో దానివెంట ఏడుపు వచ్చును. భుజములు చెవులవైపు లేచును, పొట్ట గట్టిపడును. ఏడ్చుటకు కొన్ని కండరములు పూనుకొనుచుండగా, వానిని ఆపుటకు మరికొన్ని ఎదురు నిలిచి పనిచేయుచుండును. చూచువారికి బాలుడు కదలక మెదలక నిలిచినట్లు తోచును. లోపల రెండు బలములు పెనుగులాడుచుండును. "ఎంత బుద్ధిమంతుడో!" అని పెద్దలు మెచ్చుకొందురు.

ఇది ఎప్పుడో ఒకనాడు జరిగినచో హాని లేదు. జీవితమున ఏడ్పును ఆపుకొనవలసిన సమయములు అందరికిని వచ్చును. కాని నెలల తరబడి, ఏండ్ల తరబడి ఇదియే జరిగినచో అది అభ్యాసమగును. పలకపై ఓనమాలు దిద్దునప్పుడు బాలుడు ప్రతి గీతకును ఆలోచించును. కొన్నాళ్ళకు వ్రేళ్ళు తామే వ్రాసికొని పోవును. అట్లే బిగబట్టుటయు వానికి తెలియకయే జరుగును. అటుపిమ్మట ఏడుపు రాకపోయినను, వచ్చునేమో యన్న శంకతోనే దేహము బిగిసికొనును. నలువది యేండ్లకు ఆ బాలుడు గౌరవనీయుడైన ఉద్యోగి యగును. మెడ పట్టివేయును, రాత్రివేళ పండ్లు కొరుకును, సాయంకాలమగుసరికి తలచుట్టు పట్టీ కట్టి బిగించినట్లు నొప్పి. "ఏమైనది?" అని అడిగినచో "ఏమీ లేదు" అనును. అతడు అబద్ధమాడుట లేదు. అతనికి నిజముగనే తెలియదు.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణములకు ఈ విషయము ప్రత్యేకముగా వర్తించును. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమున దారి వేసిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల తెలుగువారు ఆ దారి వెంట వచ్చి స్థిరపడిరి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరు ప్రధాన కేంద్రమైనది. ఇంజను తోలినవారు, బండి వెనుక గార్డులుగా పోయినవారు, యార్డులో పాయింట్లు కొట్టినవారు ఎందరో ఇచ్చట బిడ్డలను పెంచి పెద్దచేసిరి. ఆ బిడ్డలందరికిని ఒక ఆజ్ఞ పరిచితమే: "ఒరే, నాన్న నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు. నోరెత్తకండిరా!"

రాత్రియంతయు కన్ను మూయక బండి నడిపి వచ్చిన మనిషికి పగటి నిద్ర భోగము కాదు. మరునాడు ఆయన బండిలో ఎక్కు వందలాది జనుల క్షేమము ఆ నిద్రపై ఆధారపడియున్నది. కాబట్టి ఇచ్చట తండ్రిని తప్పు పట్టుటకు వీలులేదు. "ఉష్" అని వ్రేలు పెదవిపై ఉంచిన తల్లిని అంతకంటెను తప్పు పట్టరాదు. కాని రెండు గదుల క్వార్టరులో మోకాలు కొట్టుకొనిపోయిన పిల్లవాని స్థితి ఏమి? వాడు నోటికి చేయి అడ్డము పెట్టుకొని పెరటి తలుపు వెనుక నిలుచును. నాయన మేల్కొనునప్పటికి గాయము ఆరినది. ఏడ్చుటకు వేళ దాటిపోయినది. తల్లికి ఆ సాయంకాలము వంటపని, నీళ్ళపని. ఆ దుఃఖమును తరువాత అడిగి తెలిసికొన్నవారు లేరు. ఎవరి దోషమును లేకయే ఒక బిడ్డ మౌనము నేర్చుకొనెను.

దీనికి బదిలీలు తోడగును. ఆర్డరు వచ్చును, పెట్టెలు సర్దుదురు, మూడేండ్లు ఒకే బల్లపై కూర్చున్న స్నేహితుడు ప్లాట్‌ఫారముపై నిలిచిపోవును. "అక్కడ ఇంకా మంచి స్నేహితులు దొరుకుతారులే" అని పెద్దలు నవ్వుదురు. ఇంటిలో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. ఒక మాట తప్పు పలికినందులకు తరగతి యంతయు నవ్వగా గొంతు బిగిసిన పిల్ల, మరునాడు తెలిసిన జవాబునకైనను చేయి యెత్తదు. మగపిల్లవానితో "ఆడపిల్లలా ఏడుస్తావేంటి?" అందురు. ఆడపిల్లతో "ఏమిటా నవ్వు, గట్టిగా మాట్లాడకు" అందురు. ఒకరికి కన్నీరు నిషిద్ధము, ఒకరికి కోపమును నవ్వును నిషిద్ధము. ఇట్లు ఇంటింట ఇద్దరికిని చెరి సగము పంచిపెట్టుచున్నారు.

రైల్వేవారికి ఎవ్వరును చెప్పనక్కరలేని ఒక ఉపమానము కలదు. బ్రేకు వేయుట తప్పు కాదు. బ్రేకు లేని బండి ప్రాణాంతకము. బండి కదలిన పిమ్మటను ఏదో ఒక పెట్టెకు బ్రేకు వదలక పట్టుకొనియుండుట దోషము. దానిని "బ్రేక్ బైండింగ్" అందురు. ఇంజను లాగుచునే యుండును, బండి పోవుచునే యుండును. కాని ఆ చక్రము వేడెక్కును, పొగ లేచును, కమరు వాసన వచ్చును, చక్రము అరిగి చదునుబారును. అందుచేతనే పోవుచున్న బండిని స్టేషను సిబ్బంది ఇరుప్రక్కల నిలిచి పరికింతురు. బాల్యమున వేసిన బ్రేకు పెద్దతనమున వదలకుండుటయే ఈ కండరముల బిగువు. మనిషి ఆగడు, ఆఫీసునకు పోవును, సంసారము లాగును. కాని లాగుటకు ఇతరులకంటె రెండింతలు శ్రమపడును.

ఈ విషయమున పండితులు చెప్పినదేమి? భావము దేహమున వ్యక్తమగునను జ్ఞానము భారతదేశమునకు క్రొత్త కాదు. నాట్యశాస్త్రమున భరతముని స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని ఎనిమిది సాత్త్విక భావములను పేర్కొనెను. వీనిలో మొదటిదైన స్తంభము దేహము బిగిసి నిలిచిపోవుటయే. పాశ్చాత్యులలో చార్లెస్ డార్విన్ 1872లో మానవుల, జంతువుల భావ ప్రకటనను గూర్చి ఒక గ్రంథము వెలువరించి, శిశువు ఏడ్చునప్పుడు ముఖమున ఏయే కండరము కదలునో వివరించెను.

అణచిన భావము కండరములలో నిలుచునని గట్టిగా వాదించినవాడు విల్‌హెల్మ్ రైఖ్. 1897లో జన్మించి, వియన్నాలో ఫ్రాయిడ్ శిష్యవర్గమున చేరిన ఈ వైద్యుడు, రోగి ఒక బాధాకరమైన జ్ఞాపకమును సమీపించినంతనే అతని దవడ బిగియుట, ఊపిరి నిలుచుట, మెడ గట్టిపడుట గమనించెను. 1933లో ప్రకటించిన "కారక్టర్ ఎనాలిసిస్" అను గ్రంథమున మనిషి స్వభావమే ఒక కవచమువలె పనిచేయునని వ్రాసెను. అటుపిమ్మట ఆ కవచము కండరములలోను ఉన్నదని చెప్పెను. అయితే ఇతని తరువాతి జీవితము వేరు త్రోవ పట్టినది. విశ్వమంతట ఒక ప్రాణశక్తిని కనుగొంటిననియు, దానిని పెట్టెలలో నిలువచేయవచ్చుననియు చెప్పిన మాటలను శాస్త్రలోకము అంగీకరింపలేదు. అమెరికాలో 1954లో న్యాయస్థానము ఆ పెట్టెల సరఫరాను నిషేధించెను. ఆజ్ఞ మీరినందులకు చెరసాలకు పోయి 1957లో అచ్చటనే మరణించెను. తుది వాదములు నిలువకపోయినను, మొదటి పరిశీలనను తరువాతివారు వేరు మార్గముల పరీక్షించిరి.

1990 ప్రాంతముల అమెరికాలో జేమ్స్ గ్రోస్, రాబర్ట్ లెవెన్‌సన్ అను పరిశోధకులు కొందరికి మనస్సును కలచు చలనచిత్రములు చూపి, సగముమందిని "మీ భావము పైకి కనబడనీయకుడు" అని కోరిరి. వారి ముఖమున గుర్తులు తగ్గినవి. కాని లోపలి బాధ తగ్గలేదు. శరీరములోని కొన్ని ఉద్రేక లక్షణములు పైపెచ్చు పెరిగినవి. 1994లో స్వీడన్‌లో ఉల్ఫ్ లుండ్‌బెర్గ్ బృందమువారు, బరువేమియు మోయకున్నను మానసికమైన ఒత్తిడి చేతనే మెడను భుజమును కలుపు కండరము బిగియునని విద్యుత్ పరికరములతో చూపిరి. ఆ దేశమువాడే యైన యోరాన్ హెగ్ 1991లో ఒక ఊహను ప్రతిపాదించెను. కండరములోని చిన్న పోగులు అన్నిటికంటె ముందు పనికి దిగి, అన్నిటికంటె చివర విశ్రమించును. బిగువు స్వల్పమైనను అది వదలనిచో ఈ పోగులకు విరామమే యుండదు. అందరికంటె ముందు లేచి అందరును పండుకొన్న పిమ్మట పండుకొను కథలోని సవతి కూతురి పేర దానిని "సిండ్రెల్లా" సిద్ధాంతమనిరి. పెద్ద బరువు మోసిన కూలివాని భుజము రాత్రి విశ్రమించును. ఏ బరువును మోయని గుమాస్తా భుజము ఏల నొప్పిపెట్టునో దీనివలన కొంత బోధపడును.

బాల్యమునకును పెద్దతనపు వ్యాధులకును గల సంబంధమును చూపిన ప్రసిద్ధ పరిశోధన 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా ప్రకటించినది. దెబ్బలు, అవమానములు, ఇంటిలోని హింస మున్నగు అనుభవములు బాల్యమున ఎంత ఎక్కువైన, పెద్దతనమున రోగములు అంత ఎక్కువగుట వారు చూచిరి. తరువాత ఇదే సమాచారమునుండి, తరచు వచ్చు తలనొప్పియు అట్లే పెరుగుచున్నదని తేలినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మెడనొప్పి యంతయు చిన్ననాటి దుఃఖము వలననే వచ్చునని ఎవ్వరును తలపరాదు. కూర్చుండు తీరు, ఎముకల అరుగుదల, నరముల ఒత్తిడి, పోషక లోపము, వేరు వ్యాధులు, ఇవన్నియు కారణములు కావచ్చును. నొప్పి కలిగినచో మొదట పోవలసినది వైద్యుని యొద్దకే. అట్లే కష్టముల నడుమ పెరిగియు సుఖముగా జీవించువారు అనేకులు కలరు. బాల్యము శాసనము కాదు. అనేక కారణములలో అది ఒకటి. కాని ఆ ఒకటి తల్లిదండ్రుల చేతిలో ఉన్నది గనుకనే దానిని గూర్చి ఇంతగా చెప్పవలసివచ్చినది.

"దెబ్బలు తిన్నందువల్లనే మేము మనుషులమైనాము" అను పెద్దలు ప్రతి ఇంటను కలరు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు; వారు నిజముగనే కష్టపడి పైకి వచ్చినవారు. అయితే వారు పైకి వచ్చినది దెబ్బల వలననా, దెబ్బలు తినియునా అని ఒక్కసారి యోచింపవలెను. కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 2007లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారింపగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురియైనవారు. ప్రతి ఇద్దరిలో ఒకరు మానసిక హింసను చెప్పుకొనిరి. ఇంటిలో జరిగిన హింసకు ఎక్కువ పాళ్ళు కారకులు తల్లిదండ్రులే. 2009 నాటి విద్యా హక్కు చట్టము 17వ విభాగము బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. చట్టము బడి గుమ్మము వరకే రాగలదు. ఇంటి గుమ్మములోనికి రావలసినది వివేకము.

ఆ వివేకమును తెలుగువారికి చెప్పినవారు లేకపోలేదు. పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన గుడిపాటి వెంకట చలము "బిడ్డల శిక్షణ" అను గ్రంథమే వ్రాసెను. బిడ్డలను కొట్టి, భయపెట్టి లొంగదీయుటను ఆయన తీవ్రముగా ఖండించెను. ఆయన ఇతర రచనలతో ఏకీభవింపనివారు సైతము ఈ గ్రంథమును చదువదగును. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, భయము లేని చదువు సాధ్యమని చేసి చూపెను.

క్రమశిక్షణ వలదని దీని అర్థము కాదు. ఇక్కడ ఒక భేదమును గుర్తించిన చాలును. పనిని అడ్డగింపవచ్చును, భావమును అడ్డగింపరాదు. తమ్ముని కొట్టబోవు చేతిని పట్టుకొనవలెను. కాని "నీకు కోపము రాకూడదు" అనరాదు. "తమ్ముడిని కొట్టడానికి వీల్లేదు, నీకు కోపం వచ్చిందని నాకు తెలుసు" అన్నచో రెండును నెరవేరును. నాయన నిద్రించుచున్నప్పుడు పిల్లవాని నోరు మూయక, పెరటిలోనికో పొరుగింటికో తీసికొనిపోయి ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏడ్వనిచ్చినచో అయిదు నిమిషములలో నిట్టూర్పు వచ్చును. అప్పటికి తీరికలేనిచో, రాత్రి అన్నము పెట్టునప్పుడైనను "పొద్దున చాలా నొప్పి పుట్టిందా?" అని ఒక్క ప్రశ్న అడిగిన చాలును. ఆలస్యముగా వచ్చిన ప్రశ్నయు ప్రశ్నయే.

పెద్దవారి మాట యేమి? బిగిసినది వదలవచ్చును. ఎడ్మండ్ జేకబ్‌సన్ అను అమెరికా వైద్యుడు 1929లో ఒక పద్ధతిని వివరించెను: ఒక్కొక్క కండరమును బిగించి, ఆ బిగువును గుర్తించి, పిదప మెల్లగా వదలుట. గుర్తింపని బిగువును వదలుట అసాధ్యమని ఆయన సూత్రము. హఠయోగ ప్రదీపికలో చెప్పిన శవాసనము ఇంచుమించు ఇట్టిదే. అయితే దేహమును వదలించుట సగము పని. ఆత్మీయునితో మనసు విప్పి మాటలాడుట, అది కుదరనప్పుడు కాగితముపై వ్రాసికొనుట, అవసరమైనచో మానసిక వైద్యుని సలహా పొందుట మిగిలిన సగము.

తెలుగువారికి వేరొక ఔషధము కూడ కలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన హరిశ్చంద్ర నాటకమున కాటి సీను వచ్చునప్పుడు సభను చూడుడు. ఇంటిలో కొడుకును "ఏడవకురా" అని గద్దించిన తండ్రియే లోహితాస్యుని శవమును చూచి కండువాతో కన్నులొత్తుకొనును. ప్రక్కనున్నవాడు నవ్వడు; అతడును అదే పనిలో ఉండును. ఇల్లు ఇవ్వని అనుమతిని నాటకశాల ఇచ్చుచున్నది. సాంస్కృతిక సంఘములు వినోదమునకు మాత్రమే కావు. నాటకమో, హరికథయో, భజనయో ఏర్పాటు చేసిన ప్రతి సాయంకాలము కొన్ని బిగిసిన భుజములు దిగుచున్నవి.

రవీంద్రనాథ ఠాకూరు 1918 నాటి "పలాతక" సంపుటిలో "ఫాంకి" అను కవిత కలదు. అందు బిలాస్‌పూర్ స్టేషనే ఘట్టము. రోగపీడితయైన భార్య, రైలు మారుటకు ఇచ్చట ఆగినప్పుడు, ఒక పేదరాలికి ఇరువదియైదు రూపాయలిమ్మని భర్తను కోరును; అతడు రెండే యిచ్చి, అంతయు ఇచ్చితినని ఆమెను నమ్మించును. భార్య మరణించిన పిమ్మట ఆ ఋణము తీర్చుకొన మరల వచ్చును. పేదరాలి జాడ తెలియదు. బిడ్డకు ఇవ్వవలసిన ఓదార్పు అట్టి ఋణమే. బాల్యము ఆ స్టేషనులో నిలిచియుండదు, బండి కదలిపోవును. ఇవ్వవలసినది ఇచ్చటనే, ఇప్పుడే ఇచ్చివేయుట మంచిది.

ఇచ్చటినుండి ఇంటికి పోయినవారికి ఈ రాత్రి ఏదో ఒక బిడ్డ ఏడుపు వినబడవచ్చును. "ఊరుకో" అను మాట నోటి చివరకు వచ్చును. దానిని ఒక్క క్షణము ఆపి, బిడ్డను దగ్గరకు తీసికొన్న చాలును. ఈ ఒక్క బిగబట్టుట మాత్రము ఎవరికిని హాని చేయదు.